పెద్దబాపు గిన్నె

మా గంగారాం పెద్దబాపు మొన్న ఒకరోజు పొద్దున చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. మా బాపుకు సొంత అన్న. ఎల్లారెడ్డి పక్కన మా ఊళ్లో ఒకప్పుడు వాడంతటికీ పెద్దమనిషి. ఇప్పుడు నేనుండే కామారెడ్డిలోనే కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆటో ఎక్కితే మా ఇల్లు ఎంతో దూరం కాదు. అయినా ఇన్నేళ్లలో ఆయన మా గడప తొక్కింది తక్కువ, తొక్కాలని నేను పిలిచింది ఇంకా తక్కువ. గేటు దగ్గర చేతికర్ర చప్పుడు విని బయటికి వచ్చి "రా పెద్దబాపు" అన్నాను. ఆ పిలుపులో రమ్మనడం ఏమీ లేదు. ఆయన కనిపెట్టలేదు. ఎదుటి మనిషి గొంతులో ఏముందో కనిపెట్టే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

నా బిడ్డ స్వరూప కాన్పుకు వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆడపిల్ల పుట్టింది. చూసిపోదామని వచ్చానన్నాడు. పిల్లను ఒళ్లో పెడితే వణికే చేతులతో పట్టుకుని, "మొఖం అచ్చం మా సాయవ్వ తీరు ఉన్నది" అన్నాడు. సాయవ్వ అంటే మా అవ్వ, నన్ను కన్నతల్లి. ఆ పేరు ఆయన నోట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మాత్రం పిల్లను మళ్లీ స్వరూప పక్కన పడుకోబెట్టి, ముక్కు పైకెత్తి వంటింటి వైపు చూశాడు. లోపల పొయ్యి మీద స్వరూప కోసం తిల్లి వేగుతోంది. తిల్లి అంటే పశువు కడుపులో ఉండే ప్లీహం. బాలింతకు అది పెడితే రక్తం పడుతుందని, పాలు దిగుతాయని మా వాడ నమ్మకం. డాక్టరమ్మ ఐరన్ గోలీలు రాసింది, అవీ వేస్తున్నాను, ఇదీ పెడుతున్నాను.

"తిల్లి ఏపుతున్నవా బిడ్డా?" అన్నాడు. అవునన్నాను. "మా ఇంట్ల బందు. కోడలు పొయ్యి మీదికే రానియ్యది. కాలనోళ్లకు తెలుస్తదంట, ఇజ్జత్ పోతదంట. మా పోరడు సుత గదే మాట. పెద్దకూర మొఖం సూడక ఎన్నేండ్లాయెనో." పెద్దకూర అంటే ఎద్దు, దున్న మాంసం. ఆయన కర్రతో నేల గీకాడు. "మీ అవ్వ చేసేది సూడు, బోటి షోర్వ. గసొంటిది ఒక్కపారి తాగాల్నని పానం గుంజుతున్నది బిడ్డా. నీకు వస్తది గద? ఆదివారం వస్త." నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆయన దాన్ని ఊ అనే తీసుకున్నాడు.

ఆయన వెళ్లాక స్వరూప, "పాపం గదనే అమ్మా, ముసలాయన. నోరు తెరిచి అడిగిండు. చేసి పెట్టరాదు?" అంది. దానికి ఏమీ తెలియదు, నేను చెప్పలేదు. ఇంటి పేరులో ఇంత కంపు ఉందని పిల్లలకు ఎందుకు చెప్పడమని ఊరుకున్నాను. కానీ ఆ 'పాపం' అన్న మాట నాకు పడలేదు. "పాపమా? ఎవరు పాపం?" అని గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టాను. అది బిత్తరపోయి పిల్లను తీసుకుని గదిలోకి వెళ్లింది.

మా చిన్నప్పుడు వాడలో పశువును కోస్తే అది ఒక ఇంటి వంట కాదు, వాడంతటి పని. ముసలి ఎద్దో, పనికిరాని దున్నో దొరికేది. ఊరవతల గడ్డ మీద తెల్లవారేసరికి మగవాళ్లంతా చేరేవాళ్లు. మోదుగాకులు పరిచి, వాటి మీద ఇంటికొక పోగు పెట్టేవాళ్లు. పోగు అంటే ఊరికే కుప్ప కాదు. అందులో మెత్తని కండ ఎంత ఉండాలో, బొక్క ఎంత ఉండాలో, కార్జం తునక, గుండెకాయ తునక, గుర్ద తునక, పొట్టా పేగుల బోటి ముక్క, అన్నీ అన్ని పోగులకూ సమంగా పడాలి. ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు అనేవాళ్లు. పోగులు పెట్టడం అయ్యాక ఎవరి పోగు ఏదో తేల్చడానికి గుర్తులు వేసేవాళ్లు. ఒక ఇంటిది ఈతగింజ, ఒక ఇంటిది గాజుముక్క, ఒక ఇంటిది ముడేసిన గడ్డిపోచ. అన్నీ కలిపి, కళ్లు సరిగా కనపడని ఒక ముసలవ్వ చేతిలో పోస్తే, ఆమె తడుముకుంటూ పోగుకొకటి పెట్టుకుంటూ పోయేది. మా ఇంటి గుర్తు ఇత్తడి గుండీ. మా బాపుకు ఎవరో ఇచ్చిన పాత కోటుది. కోటు చినిగిపోయింది, గుండీ మిగిలింది.

పోగులు పెట్టకముందే ఒక పని జరిగేది. తిల్లి మొత్తంగా, కార్జంలో ఒక పెద్ద తునక, రెండూ వేరే ఆకులో తీసి పక్కన పెట్టేవాళ్లు. అది బాలింత ఉన్న ఇంటికి. వాడలో ఎవరూ బాలింత లేకపోతేనే అది పోగుల్లో కలిసేది. 'తిల్లి బాలింతది' అని మాకు నడక వచ్చినప్పటి నుంచి తెలుసు. పిల్లలం ఆడుకునేటప్పుడు మట్టితో పోగులు పెట్టి, ముందు ఒక మట్టి ఉండను తీసి పక్కన పెట్టేవాళ్లం. ఈ వయసులో మా తోటివాళ్లు కూర్చుని ఆ రోజులు ఎంత బాగుండేవి, ఎంత కలుపుగోలు, ఎంత సమానం అని మురిసిపోతుంటే నేను మాట్లాడను. సమానం ఎవరికి ఉండెనో నాకు తెలుసు.

మా బాపు ఒక వానాకాలం జ్వరంతో పడుకుని మళ్లీ లేవలేదు. అప్పటికి మా అవ్వ కడుపుతో ఉంది. నేను బడికి పోయీ పోనట్టు పోయే పిల్లను. బాపు పోయిన కొన్నాళ్లకు తమ్ముడు పుట్టాడు. చిన్న పిల్లవాడు, అరచేతిలో ఇమిడేటట్టు ఉండేవాడు, ఏడుపు కూడా సన్నగా ఉండేది. అవ్వకు పాలు సరిగా పడలేదు. మనాదితో ఉన్న మనిషికి పాలెక్కడివి అని అమ్మలక్కలు అనుకునేవాళ్లు. అప్పుడే వాడలో ఎద్దును కోశారు. అవ్వ మంచం మీదనుంచే కొంగు ముడి విప్పి గుండీ నా చేతిలో పెట్టి, "పెద్దబాపుకియ్యి. పోగు తీస్కరా. తిల్లి యాది చెయ్యి, మర్సిపోతరు" అంది. ఆమె అంత నిబ్బరంగా అంది గనుక నేను ఎగురుకుంటూ పోయాను.

గడ్డ మీద పెద్దబాపు తలకు తువ్వాల చుట్టుకుని నిలబడి ఉన్నాడు. పోగులు పెట్టించేది ఆయనే. నేను గుండీ చాపాను. తీసుకోలేదు. "గీ గుర్తు ఎవలిది?" అన్నాడు. మా బాపుది అన్నాను. "మీ బాపు ఉన్నడా?" అని నా చాపిన చెయ్యి దిక్కు చూశాడు. "కోసిన చేతులకు పోగు. మీ ఇంట్ల కోసే చెయ్యి ఏది? మొగోడు లేని ఇంటికి గుర్తేంది, పోగేంది?" అని గుండీని మళ్లీ నా గుప్పిట్లోనే మూసి పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. వేళ్లు ఒక్కొక్కటిగా మడిచి మెల్లగా మూశాడు. అదే ఇంకా యాదికి ఉంది.

నేను ఏడుపు ఆపుకుని, "అవ్వ బాలింత గద పెద్దబాపు, తిల్లి ఇయ్యమన్నది" అన్నాను. చుట్టూ మనుషులున్నారు. మా బాపుతో కలిసి కూలికి పోయినవాళ్లు, మా ఇంట్లో కూర్చుని కల్లు తాగినవాళ్లు. పెద్దబాపు వాళ్ల దిక్కు చూసి, "మొగుని తిన్న బాలింతకు తిల్లి పెడితే వాడకు మంచిదేనా?" అన్నాడు. ఒకాయన కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు. పక్కన మోదుగాకులో తిల్లి తడితడిగా మెరుస్తూ ఉంది. మా పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, వచ్చి దాన్ని కొంగు కింద పెట్టుకుని పోయింది. ఆమె అప్పుడు బాలింత కాదు.

"ఉట్టిచేతుల పోకు, గా తట్టల మిగిలింది ఏస్కపో" అన్నాడు పెద్దబాపు. మిగిలినది అంటే ఎవరూ ముట్టనిది. కడగని బోటి, పేడ కూడా దులపలేదు. పేగుల కొసలు, ఊపిరితిత్తులు, చెవుల కింది గట్టి తోలు. తట్ట నెత్తిన పెట్టుకుంటే నీళ్లు కారి మెడ మీదుగా వీపులోకి దిగాయి. దారి పొడుగునా ఈగలు, కుక్కలు. ఇంటికి వచ్చి తట్ట దించి గుండీ అవ్వ చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తట్ట దిక్కు చాలాసేపు చూసి, తమ్ముణ్ని నాకిచ్చి, "పట్టుకో" అని లేచింది. బాలింత చన్నీళ్లు ముట్టగూడదు. ఆమె మధ్యాహ్నం దాకా నీళ్లలోనే కూర్చుంది.

బోటి కడగడం మా అవ్వ దగ్గరే చూడాలి. పేగులను పుల్లతో లోపలి దిక్కు బయటికి తిప్పి ఉప్పేసి రుద్దేది. పెద్ద బోటిని వేడినీళ్లలో ముంచి తీసి, సున్నం పూసి, కొడవలి వెనక వైపుతో గీకేది. నల్లతోలు పొరలు పొరలుగా ఊడి, కింద తెల్లటి బోటి తువ్వాలలాగా బయటపడేది. పసుపు వేసి ఒక ఉడుకు ఉడికించి ఆ నీళ్లు పారబోసేది. వాసనంతా అందులోనే పోతుందనేది. అప్పుడు సిల్వరు గంజు పొయ్యి మీదికి ఎక్కేది. ముందు గట్టివి, తర్వాత మెత్తవి. బోటి, తోలు మొదలు. ఊపిరితిత్తులు నీళ్ల మీద తేలుతాయి, ఎంత గంటెతో నొక్కినా పైకి వస్తాయి, వాటి మీద ఒక రాతి మూకుడు బోర్లించేది. బాపు ఉన్నప్పుడు కార్జం దొరికిన రోజున అది అన్నిటికన్నా చివర, గంజు దించేముందు. ముందే వేస్తే రాయి అవుతుంది. ఎండుకొబ్బరి కుడుక, ధనియాలు కాల్చి నూరి, ఎల్లిపాయలు పొట్టుతోనే దంచి, ఇంత చింతపులుసు, చిక్కదనానికి గుప్పెడు జొన్నపిండి. తుమ్మమొద్దు సన్నగా కాలుతూ ఉంటే గంజు లోపల గుడగుడ మని చప్పుడు. జొన్నరవ్వతో కాచిన గటక పక్కన వేసుకుని ఆ షోర్వ పోసుకుంటే చెవుల్లోంచి ఆవిర్లు వచ్చేవి. పారేసే తట్టలోంచి ఆమె ఆ రుచి తీసింది. వాడంతా వాసన పోయింది.

పొద్దు వాలేసరికి పెద్దబాపు ఇంటినుంచి మనిషి వచ్చి గిన్నె అరుగు మీద పెట్టి పోయాడు. "సాయవ్వ షోర్వ కాసిందట గద, ఇంత పంపియ్యమన్నడు" అన్నాడు. ఇత్తడి గిన్నె, పైన బిగుతు మూత. పోగు ఇయ్యనివాడు, తిల్లి గుంజుకున్నవాడు, ఆ మిగిలినదాంట్లోంచి కూడా అడుగుతున్నాడు. అవ్వ విసిరికొడుతుందని చూశాను. ఆమె గిన్నె లోపలికి తీసుకుపోయి, నింపి, మూత బిగించి, పాత గుడ్డతో కట్టి నా చేతుల్లో పెట్టింది. "ఇచ్చిరా. మూత తియ్యకు, ఆవిరి పోతది." చేతులు కాలుతుంటే దారిలో పారబోద్దామని కూడా అనుకున్నాను. పారబోయలేదు, మూత తీయలేదు. ఇచ్చి వచ్చాను.

తమ్ముడు తొట్లెలో వేయకముందే పోయాడు. పేరు కూడా లేదు. తిల్లి పెట్టకపోవడం వల్లే పోయాడని నేను అనను. తర్వాత చదువుకున్నదాన్ని, టీచరుగా చేసినదాన్ని, ఏ డాక్టరును అడిగినా వేరే కారణం చెబుతాడని తెలుసు. కానీ మా అవ్వ రొమ్ములు ఎండిపోయి, ఆమె పక్కింటి మేకపాలు దూదితో పిండుతుంటే వాడు మింగలేక పక్కకు వదిలేయడం చూసినదాన్ని కూడా నేనే. ఆ తిల్లి వాడి నోటికాడిది. ఇంకొకరు తిన్నారు. ఈ మాట మార్చమని ఏ చదువూ నాకు చెప్పలేదు.

ఆ తర్వాత ఎన్నేళ్లో ఇదే వరస. కోసినప్పుడల్లా మాకు మిగిలిన తట్ట, అవ్వ షోర్వ, పొద్దు వాలితే గిన్నె. మోసేది నేనే. ఇంకొకటి చెప్పాలి. మా అవ్వకు ఒక పట్టింపు ఉండేది. ఎవరికైనా షోర్వ పోస్తే గంటె అడుగుదాకా ముంచి తీయాలి, తునకలు గంటెలోకి రావాలి. మీదమీద తేలే నీళ్లు పోయగూడదు. ఒకసారి దారిన పోయే ముసలామె గిన్నె పట్టుకుని నిలబడితే నేను పైనుంచి ఒక గంటె పోశాను. అవ్వ నా చేతిలో గంటె గుంజుకుని, "మందికి పోస్తే అడుగునుంచి తియ్యాలె. మీదినీళ్లు పోసుడంటే మొఖం మీద ఊంచినట్టు" అని ఆ ముసలామె ముందరే నెత్తి మీద మొట్టింది. ఊంచడమంటే మా మాటలో ఉమ్మడం. అందుకే పెద్దబాపు గిన్నె చూసినప్పుడల్లా నా కడుపు రగిలిపోయేది. అడుగున ఉన్న మంచి తునకలన్నీ ఆయనకు పోతున్నాయని, మాకు పిప్పి మిగులుతుందని. నిజానికి మా గిన్నెల్లో తునకలు బాగానే ఉండేవి. కోపంలో ఉన్న పిల్ల అవన్నీ లెక్క చూస్తుందా?

ఎల్లారెడ్డి హాస్టల్లో చదువుకుంటూ సెలవులకు వచ్చిన ఒక రోజు ఇక ఊరుకోలేకపోయాను. అప్పటికి నాకు మాటలు వచ్చాయి. "సిగ్గున్నదా అవ్వా నీకు? నీ కొడుకు నోట్ల మన్ను కొట్టినోనికి గిన్నెలు నింపి పంపుతున్నవ్. నువ్వు మనిషివేనా?" అన్నాను. ఆమె గుడ్డ ముడి వేస్తూ, తలెత్తకుండా, "నోరు మూస్కొని ఇచ్చిరా. ఎవలకేం పొయ్యాల్నో నాకు తెల్సు" అంది. అంతే. మేము వాడలో ఉండాలి, నీళ్లకు పోవాలి, రేపు చస్తే మోయడానికి నలుగురు కావాలి. ఆమె భయం అదే అనుకున్నాను. ఆ భయాన్ని నేను అసహ్యించుకున్నాను. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ మాట నా మనసులోంచి పోలేదు. ఆ ఇత్తడి గుండీని ఆమె నా బడి జాకెట్టుకు కుట్టింది. కొలువులో చేరిన రోజు దాన్ని ఊడదీసి డబ్బీలో వేశాను. అవ్వ పోయినప్పుడు పెద్దబాపు వచ్చి, "నా తమ్ముని పెండ్లాం, బంగారమసొంటి మనిషి, ఏనాడు ఎదురు చెప్పలే" అని అందరి ముందూ ఏడ్చాడు. ఆ ఎదురు చెప్పలేదన్న మాటకే నాకు దుఃఖం ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్నే దుకాణానికి పోయాను. వండనని రాత్రి దాకా అనుకున్నాను, తెల్లవారేసరికి సంచి చేతిలో ఉంది. ఆయన మీద జాలి కాదు. ఆయన ఎదురుగా కూర్చుంటే ఒక్కసారి అడగాలనిపించింది. అవ్వ అడగలేదు, నేనైనా అడగాలి. ఇప్పుడు గడ్డ లేదు, మోదుగాకులు లేవు, గుర్తులు లేవు. తెల్లటి టైల్స్ వేసిన గది, కొక్కేలు, కరెంటు రంపం. దుకాణం అతను నన్ను చూసి, "టీచరమ్మా, తిల్లి తీసి పెట్టిన, కాన్పు ఇల్లు గద" అన్నాడు. నాతో చుట్టరికం లేని మనిషి, వాడ కాదు, కులం కాదు, మతం కాదు. అతనికి యాదికి ఉంది. నల్ల కవరులో వేసి, దాని మీద ఇంకో నల్ల కవరు వేసి, "సంచిల అడుగున పెట్టుండ్రి" అన్నాడు. అప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని నడివాడలోంచి పోయాను, నీళ్లు కారుతూ. ఇప్పుడు పైన కొత్తిమీర కట్ట పెట్టుకుని దొంగలా వస్తున్నాను. ఏది మేలో చెప్పమంటే నేను చెప్పలేను.

కుక్కరు వాడలేదు. అవ్వ గంజు అటక మీదనుంచి దించి పెరట్లో రాళ్ల పొయ్యి పెట్టాను. సున్నం దొరకడానికి పాన్‌డబ్బా దాకా పోవాల్సి వచ్చింది. బోటి గీకుతుంటే చేతులకు పాత పని యాదికొచ్చింది గానీ మోకాళ్లు మాత్రం తిట్టాయి. పక్కింటావిడ గోడ మీదనుంచి, "ఏం వాసన టీచరమ్మా?" అంది. నౌకరీ చేసినన్నాళ్లూ స్టాఫ్ రూంలో డబ్బా మూత సగమే తెరిచి, అడిగిన వాళ్లకల్లా మటన్ అని చెప్పినదాన్ని. ఈసారి మాత్రం "బోటి షోర్వ, పెద్దకూర" అన్నాను. ఆవిడ లోపలికి పోయి కిటికీ మూసుకుంది. తిల్లి, కార్జం ముందే తీసి స్వరూప కోసం వేరే గిన్నెలో పెట్టాను.

పెద్దబాపు చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. ఉతికిన ధోవతి, తువ్వాల. వరండాలో పీట మీద కూర్చున్నాడు. స్వరూప పిల్లను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గటక పెట్టి, గంటె అడుగుదాకా ముంచి, తునకలతో గిన్నె నిండా పోశాను. చెయ్యి అలవాటు అది, నన్ను అడగలేదు. ఆయన పళ్లులేని నోటితో ఒక తునకను అటూ ఇటూ తిప్పి, మింగి, "మంచిగున్నది" అన్నాడు. మళ్లీ, "కని మీ అవ్వది గిట్ల ఉండకపోయేది. ఏందో తేడ ఉన్నది" అన్నాడు. నా కష్టమంతా గుటకేసి తేడా ఉందంటున్నాడు.

కడుపులో కాస్త పడ్డాక మాటలు మొదలుపెట్టాడు. స్వరూప దిక్కు చూసి, "మీ అమ్మమ్మను నేనే సూసుకున్న బిడ్డా. నా తమ్ముడు పోంగనే ఆమెకు దిక్కెవలున్నరు? అందరికన్న ముంగట మీ అమ్మమ్మకు పోగు పెట్టిచ్చేటోన్ని. ఆమె బాలింతగున్నప్పుడు తిల్లి నా చేతులతోనే తీసిచ్చిన" అన్నాడు. అబద్ధం చెప్పేవాడి ముఖం కాదది. నిజంగా అలాగే యాదికి ఉన్నవాడి ముఖం. స్వరూప కళ్లు తడి అయ్యాయి. అదే నేను చూడలేకపోయాను.

"ఇయ్యలేదు పెద్దబాపు" అన్నాను. "పోగు ఇయ్యలేదు. గుండీ నా చేతులనే పెట్టి మూసినవ్. మొగుని తిన్న బాలింత అన్నవ్. తిల్లి మా పెద్దవ్వ కొంగు కింద ఏస్కపోయింది. నా తమ్ముడు పాలు లేక పోయిండు. నీకు యాదికి లేదా?"

ఆయన నా దిక్కు చూశాడు. నోరు మాత్రం ఆడుతూనే ఉంది, లోపల తునక ఇంకా నలగలేదు. "గట్లనా?" అన్నాడు. తునక మింగి, "యాదికి లేదు బిడ్డా. ముసలోన్నయిన" అన్నాడు. తప్పయింది అనలేదు. కాదు అని కూడా అనలేదు. కాదంటే పోట్లాడేదాన్ని. ఇన్నేళ్లు నేను దాచుకున్నది ఆయన దగ్గర లేనే లేదు. స్వరూప పిల్లను గుండెకు హత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆయన గిన్నె అడుగున మిగిలిన తునకలను గటక పళ్లెంలోకి తీసి, ఖాళీ గిన్నె నా ముందుకు చాపాడు. "ఇంకింత పొయ్యి."

గంటె తీసుకున్నాను. ఈసారి చేతిని అడుగుకు పోనియ్యలేదు. అవ్వ మొట్టిన నెత్తి మీద చురుక్కుమన్నట్టే అనిపించింది. అయినా మీదమీదనే ముంచి, నూనె తేలే ఎర్రటి నీళ్లు, ఒక్క తునక కూడా లేకుండా గిన్నె నిండా పోశాను. ఊంచినట్టే పోశాను. ఆయన గిన్నె రెండు చేతులతో ఎత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. ఆయన ముఖం విప్పారింది.

"గిదే బిడ్డా! గిప్పుడు అచ్చం మీ అవ్వ పంపినట్టున్నది. ఆమె గిన్నె నిండ పంపేది గని, దేవులాడినా ఒక్క తునక తగలకపోయేది. వట్టి నీళ్లు. మీ పెద్దవ్వ లొల్లి పెట్టేది, అడుగుది దాసుకొని మనకు మీదినీళ్లు పోస్తున్నది సూడు అని. నేనే ఊకో అంటుంటి. గా నీళ్లే మస్తుగుండేటివి."

నేను గంజు దగ్గర అలాగే నిలబడ్డాను. ఇత్తడి గిన్నె, బిగించిన మూత, దాని మీద పాత గుడ్డ. ఇన్నిసార్లు ఆ దారిలో మోశాను. ఒక్కసారి మూత తీసి ఉంటే సరిపోయేది. 'ఎవలకేం పొయ్యాల్నో నాకు తెల్సు' అంది. నేను వినలేదు. ఆవిరి పోతుందని అంటే ఆవిరి కోసమే అనుకున్నాను. నా తల్లి చచ్చేదాకా ఆయన మొఖం మీద ఊంచుతూనే ఉందని, అది ఆయనే వచ్చి, నా ఇంట్లో కూర్చుని, రుచిగా ఉండేదని చెబితే గానీ నాకు తెలియలేదు. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి, కొంగుతో తుడుచుకుంటే చేతికున్న కారం తగిలి ఇంకా కారాయి.

గంటె అడుగుదాకా దించి, తునకలన్నీ దేవి, స్వరూప పళ్లెంలో వేసి లోపల పెట్టి వచ్చాను. పెద్దబాపు గిన్నె పట్టుకుని ఇంకా చూస్తున్నాడు.

"ఉన్నదా బిడ్డా, ఇంకింత?"

"శానా ఉన్నది పెద్దబాపు. మంచిగ తాగు" అన్నాను, మీదినుంచి ముంచి పోస్తూ.